అది వచ్చింది

అర్జీ ఫారంలో పదకొండో గడి: ప్రత్యేక అధ్యయనం.
"మెక్సికో స్త్రీలు, భాష, పని" అని రాస్తాను.
గడి చిన్నది.
పని ఎప్పుడూ గీత దాటి బయట పడుతుంది.

ఇది ఏడోసారి.
బల్లకు అవతల ముగ్గురు.
చాయ్ మీద మీగడ తీసి సాసరంచుకు రాస్తూ ఒకాయన:
"మెక్సికో ఎందుకమ్మా, మనకాడ ఆడోళ్లు కరువా?"

జవాబు నా దగ్గర ఉంది.
కాకపోతే ఇప్పుడది
ఎనుమాముల యార్డు వెనక రేకుల షెడ్డులో కూర్చుని
మిరపకాయల తొడిమలు తీస్తోంది,
కిలోకింత అని.

అమ్మ పేరు కొమ్రవ్వ.
ముక్కుకు కొంగు, మోచేతులదాకా వేళ్లు కోసిన పాత సాక్సులు.
వేళ్లు మండి రాత్రి అన్నం చెంచాతో తింటే
బిడ్డ మేడమయినంక తల్లికి షోకులొచ్చినయంటారు వాడకట్టోళ్లు.
చిన్నప్పుడు నా కళ్లకు
అమ్మ ఎన్నడూ కాటుక పెట్టలేదు.
పిన్ని పెట్టేది.

హన్మకొండ లైబ్రరీలో మెక్సికో మీద ఒక్కటే పుస్తకం,
సగం దేశాన్ని చెదలు తిన్నాయి.
మిగిలిన సగంలో ఒక ఫోటో:
సంతలో ఎండుమిరప రాశి, దాని వెనక
ముక్కుకు కొంగు కట్టుకున్న ఆడమనిషి.
అది కొంగు కాదు, రెబోసో.
ఆ ఒక్క మాటకు నాకు నాలుగేళ్లు పట్టింది.

స్పానిష్‌లో బల్ల ఆడది, రొట్టె మగది.
చెయ్యికి మగపేరు లాంటి పేరు, అయినా ఆడదే.
నవ్వుకుంటూ బట్టీపట్టాను.

పదకొండు నెలల ఫెలోషిప్పు. హుచితాన్ అనే ఊరు.
నతివిదాద్ ఇంటి అరుగు మీద
మఖమల్ గుడ్డకు పూలు కుడుతూ ఒక మనిషి,
వెడల్పు భుజాలు, జడలో ఎర్ర రిబ్బను.
ఆయన అనాలా ఆమె అనాలా తెలియక
నా నోరు సగంలో ఆగింది.
నతివిదాద్ అంది: "మా జపోతెక్‌లో
మనిషికి ఒకటే మాట.
పశువుకు వేరే. రాయికి వేరే."

ఆ రాత్రి నిద్ర లేదు.
అయినవోలు జాతరలో చీరకట్టి, పసుపు రాసుకుని
శివసత్తులతో ఊగే మా చిన్నాయిన ఓదెలు
దోమతెర బయట నిలబడ్డాడు.
వచ్చిండు అనాల్నా, వచ్చింది అనాల్నా,
బతికున్నన్నాళ్లు తేల్చలేదు ఊరు.
చివరికి పీనుగ లేచిందన్నారు.
పీనుగ దగ్గర తగాదా లేదు.

ఎనిమిదో తరగతిలో వ్యాకరణం సారు చెప్పాడు:
మగవాళ్లు మహత్తులు. మిగతావన్నీ అమహత్తులు.
బర్రె వచ్చింది.
అమ్మ వచ్చింది.
ఇద్దరికీ ఒకటే తోక.
నేను నోటుపుస్తకంలో ఎక్కించుకుని
కింద స్కేలుతో గీత కొట్టాను.

ఇదంతా బల్ల ముందు చెప్పలేను.
పాయింట్లెన్ని అంటారు.
పీరియడుకింత జీతం నాది,
వేసవిలో పీరియడ్లుండవు.
మిరపకు అదే సీజను.
ఆ రెండు నెలలూ మెక్సికో మేడం ఇల్లు
తొడిమల మీద నడుస్తుంది.

నిన్న రాత్రి థీసిస్ నూట పన్నెండో పేజీ
తెలుగు చేసి అమ్మకు వినిపించాను.
మిరప ఆ దేశానిదేనని, ఓడలెక్కి వచ్చిందని.
"అయితె ఈ మంట ఆళ్లదా?" అంది.
కాసేపు ఆగి,
"గోరుతోని తీస్తరని రాసినవ్. తప్పు.
గోరు పెడితె పొట్ట పగుల్తది, గింజ రాల్తది.
బొటనేలు పక్కకు తిప్పాలె."
నా పెన్ను క్యాపు పట్టి తిప్పింది.
టక్కున ఊడింది.

పట్టా వచ్చి తొమ్మిదేళ్లు.
పేజీ అంచున పెన్సిలుతో దిద్దుతున్నాను.
"ఇగ లైటు తీసెయ్," అంది గోడవైపు తిరిగి,
"పొద్దుగాల ఐదింటికే ఆటో."