నీళ్ళు తాగేవాడు

పగలంతా ఆదోని నోళ్ళకు పళ్ళు కడతాను.
డాక్టర్లు పంపిన అచ్చుల్లో ప్లాస్టర్ పోసి
మైనం కరిగించి
ఎవరి నవ్వు ఎంత వంకరో అంత వంకరగానే దిద్ది పంపిస్తాను.
ఎనిమిదింటికి షట్టరు సగం దించితే
అదే బల్ల మీద, అదే దీపం కింద
నా దండు దిగుతుంది.

బొటనవేలి కణుపంత మనుషులు.
పళ్ళకు పోగా మిగిలిన రెజిన్‌తో పోసినవాళ్ళు.
ఊరికి కావలి కాసి, పిలుపొస్తే ఈటె పట్టి
మాన్యం చెక్క దున్నుకుని బతికిన కట్టుబడి బంట్లు.
పుస్తకాల్లో వీళ్ళకు అంకె ఉంది:
‘రెండువేల కాల్బలము’ అని ఒక్క ముక్క.
తలకు చుట్టిన గుడ్డ ఏ రంగో
రాసిపెట్టాలని ఎవరికీ తోచలేదు.
అందుకని మార్కెట్ యార్డుకు పోతాను.
పత్తి బోరేలు మోసే హమాలీల తలగుడ్డలు చూస్తాను.
ఉతికి ఉతికి వెలిసిన ఎరుపు,
చెమట ఆరిన అంచున తెల్లటి ఉప్పుగీత.
ఆ గీత కోసం బ్రష్షులో మూడు వెంట్రుకలుంచి
మిగతావి బ్లేడుతో కోసేశాను.

దేవుడి బొమ్మకు కన్ను చివర్న తెరుస్తారంట.
నేను మొదటే పెడతాను.
తప్పితే చెంప రంగుతో దిద్దుకోవచ్చు, అంతే కారణం.
కానీ ఆపైన రెండు రాత్రులు
బట్టల్లేని మనిషి నన్నే చూస్తుంటాడు
తనకేం తొడుగుతానో అని.

మట్టి మాత్రం అసలుది.
సిరుగుప్ప రోడ్డు పక్క చేనిలోంచి దోసెడు నల్లరేగడి.
జల్లించి, ఫెవికాల్ పూసిన పీఠం మీద చల్లితే
ఆరినాక దానంతటదే నెర్రె విడుస్తుంది.
ఆ నెర్రె నా పని కాదు.

నిలబెట్టే దగ్గరే చిక్కు.
చెయ్యెత్తితే చేతిలో ఏదో ఉండాలి.
ఈటె పెడితే కాలు ముందుకు పడాలి,
కాలు పడితే నడుము తిరగాలి,
అప్పుడిక వాడిది కోపమో భయమో నేను తేల్చాలి.
ముఖాలు నాకు తెలీవు. నోళ్ళు తెలుసు.
ఒకడికి ఎత్తుపళ్ళిచ్చాను.
ఒకడికి బోసి దవడ;
ఆ ముసలి బంటు ఎంత అరుస్తున్నా
బుగ్గలు లోపలికే పోయాయి.

ఆదివారం ఉరుకుందప్ప వస్తాడు.
ఆర్టీసీ డిపోలో మెకానిక్కు.
టేపు, పాచికలు, గ్రీజు వదలని గోళ్ళు.
ఎదుటి దండు వాడిది. గుర్రాలు, ఫిరంగులు,
అన్నిటికీ బస్సులకు పూయగా మిగిలిన ఎరుపే.
ఉగ్గాని పొట్లాలు విప్పుకుని
దుప్పటి కింద పాత రికార్డులు దొంతిపెట్టి
కొండ లేపుతాము.

ఈ వారం చివరి వరుసలో కొత్తవాణ్ణి చూసి ఆగాడు.
ఈటె పక్కన పడేసి
మోకాళ్ళ మీద కూచుని
దోసిట్లోకి ముఖం వంచినవాడు.
‘ఇదేందప్పా, వీడు కొట్లాడడా?’
‘దప్పికైంది.’
‘దప్పికకు రూలు యాడుంది?’
లేదు. రూళ్ళ పుస్తకమంతా వెతికాము.
అలసటకు రెండు తగ్గించమంది,
వెన్ను చూపితే మూడు.
నాలుగురోజులకోసారి కుళాయి వచ్చే వీధిలో కూచుని
ఇద్దరం చివరి పేజీదాకా తిప్పాము.

మూడో విడతలో వాడి గుర్రాలు నా కుడివైపును ఊడ్చేశాయి.
పడినోళ్ళను ఒక్కొక్కర్నే తీసి
బిస్కెట్ డబ్బాలో పడుకోబెట్టాడు,
రంగు రాలకుండా కింద దూది వేసి.
నీళ్ళు తాగేవాడి దగ్గరికొచ్చి పాచిక వేశాడు.
ఆరు. లెక్కకు పోయినట్టే.
గ్రీజు వేళ్ళు వాడి మీద కాసేపు ఆగాయి.
‘తాగనీలే’ అని
డబ్బా మూత పెట్టేశాడు.

రాత్రి బల్ల తుడిచి
పళ్ళ అచ్చులు మళ్ళీ పరిచాక చూశాను,
నల్లమట్టి మీద వాడొక్కడే.
దోసిట్లో నీళ్ళు పోయడం మరిచిపోయాను.
సూదిమొనతో ఒక్క చుక్క వార్నిష్ చాలు.
కానీ రహమత్‌బీ పొద్దున ఏడింటికల్లా వస్తానంది
పై దవడ కోసం.
మనవడి పెళ్ళిలో జొన్నరొట్టె నమలాలంట.
ముందు అది.