గడ్డి పెట్టడం

మన భాషలో ఒకరికి గడ్డి పెట్టడమంటే ఏమిటో
గ్లెనిస్‌కి ఎలా చెప్పను?
కంచె మీద మోచేతులాన్చి ఆవిడ అంటోంది,
"నీ మొక్కలకి గడ్డి పెట్టు,
లేకపోతే ఈ వారం దాటవు."

బెండిగోలో ఫిబ్రవరి.
రేపు నలభై మూడట.
ఇనపగేటు పట్టుకుంటే అరచెయ్యి అట్టు.
నేల నెర్రెలిచ్చింది,
నా చిటికెన వేలు రెండో కణుపు దాకా పోయేంత.

గడ్డి పెట్టాల్సింది మొక్కలకి కాదు,
లోపల ఏసీ కింద పడుకున్న యుగంధర్‌కి.
ఎనిమిది వేల డాలర్లు
ఎవరో స్నేహితుడి దోసెల బండికి,
నాకో మాటైనా చెప్పకుండా.
ఎనిమిది రోజులైంది మా మధ్య మాటల్లేక.
వెయ్యికి ఒక రోజు చొప్పున అని
నేనేమీ లెక్క పెట్టుకోలేదు.

రోడ్డు పక్క షెడ్డులో బఠానీ గడ్డి,
మోపు పన్నెండు డాలర్లు.
అమ్మే మనిషి లేడు. ఒక రేకు డబ్బా, దానికో చీలిక,
డబ్బులేసి తీసుకుపొమ్మని సుద్దముక్క రాత.
మనుషుల్ని ఇలా నమ్మేవాళ్ళంటే
ఆ రోజు నాకు ఒళ్ళు మండింది.
రెండుసార్లు లెక్కపెట్టి వేశాను.

తాళ్ళు కొయ్యగానే మోపు
పాత పద్దుల పుస్తకంలా
పుటలు పుటలుగా విడిపోయింది.
దుమ్ము. ఐదు తుమ్ములు.
లోపల్నుంచి ఎవరూ చిరంజీవ అనలేదు.

కంచె అవతల్నుంచి పాఠం:
ముందు నీళ్ళు, తర్వాత గడ్డి.
పొడినేల మీద కప్పితే పొడిని దాచినట్టే.
కాండానికి ఆనించకు, కుళ్ళుతుంది,
నాలుగు వేళ్ళ ఎడం వదులు.
జానెడు మందం, పిసినారితనం వద్దు.
పాములొస్తాయా అంటే
"వస్తే వస్తాయి, కాళ్ళకి బూట్లు వేసుకో" అంది.

పెట్టాను గడ్డి. బాగా పెట్టాను.
టొమాటోకి, వంగకి, బెండకి,
గుప్పెడు గుప్పెడుకీ ఒక మాట,
అతన్ని అనాల్సినవన్నీ అంటూ పరిచాను.
గ్లెనిస్ అనుకుంది
నేనేదో మంత్రం చదువుతున్నానని.
మొక్కలన్నీ విన్నాయి తలలు వేలాడేసుకుని,
ఏ పాపమూ ఎరగనివి.

మర్నాడు నలభై నాలుగు.
మూడింటికి ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి
పెరట్లో అతను, చెప్పుల్లేకుండా, మోకాళ్ళ మీద,
గడ్డి కిందకి మణికట్టు దాకా చెయ్యి దూర్చి
ఏదో పోగొట్టుకున్నవాడిలా.
తలెత్తలేదు.
"అడుగున చల్లగా ఉంది" అన్నాడు.

వదిలేసి లోపలికి పోదామనుకున్నాను.
నా వేళ్ళు నన్నడగకుండానే దూరాయి.
నిజమే.
నిన్నటి నీళ్ళు నిన్నటిలాగే ఉన్నాయి.
ఒక వానపాము నా ఉంగరం వేలిని తాకి
వేరే పనుందన్నట్టు పక్కకి పోయింది.
"బూట్లేసుకో, పాములొస్తాయట" అన్నాను.
తొమ్మిదో రోజు.
లెక్కపెట్టలేదన్నాను కదా.

డబ్బు రాలేదు. దోసెల బండి
షెపర్టన్‌లో ఎవరి గ్యారేజీలోనో మూలనుందట.
మార్చిలో నాలుగు చినుకులు పడ్డాక
గడ్డిలోంచి నేను వెయ్యని బఠానీ మొలిచింది,
కోత యంత్రం వదిలేసిన గింజ.
పీకెయ్యమంది గ్లెనిస్.
యుగంధర్ పక్కన ఒక పుల్ల పాతాడు.

మే నెలకి పదకొండు కాయలు.
ఉప్మాలో వేశాను.
అతని పళ్ళెంలోకి కాసిని ఎక్కువ పడ్డాయి,
గరిటె చూసుకోలేదు.