మూడు క్షణాల బోర్డు

పని మొదలు కాకముందే
ఇంటి ముందు నిలబడేది మా బోర్డు.

ఎవరిదో పాత వరండా విప్పితే మిగిలిన దేవదారు చెక్క.
మేకు తుప్పు దిగిన నల్లమచ్చని
ఫోన్ నంబర్లో సున్నా చేసేసింది మార్నా.

"కార్లో పోయేవాడి చూపు మూడు క్షణాలు.
పేరు, పని, నంబరు.
ఇంకో ముక్క రాస్తే అది ఉత్తరం" అంటాడు ఎల్వుడ్.
ఆమె వినదు;
అక్షరానికీ అక్షరానికీ మధ్య
కాస్త గాలి వదుల్తూ కూర్చుంటుంది,
ముదురాకుపచ్చ మీద మీగడరంగు.

లూనెన్‌బర్గ్‌లో తొలిమంచు.
మెట్లు అయ్యాయి, కప్పూ అయింది.
ఫోను ఒక్కసారే మోగింది:

"మెట్లు కాదు బాబూ,
ఆ బోర్డు చేసిందెవరు?"

ఎల్వుడ్ చేతుల్లోని రంపప్పొట్టు దులిపి
ఫోను ఆమెకిచ్చాడు.
తర్వాత బయటికెళ్ళి
చాలాసేపు చూశాడు,
బోర్డు మీద
తన పేరొక్కటే ఉండటం.