సోమవారం దాకా నీది

ఓబన్ రేవులో ఫిబ్రవరి వాన
పడదు, అడ్డంగా నడిచొస్తుంది.
తలుపు తోసుకుని ఆ తల్లీ కొడుకూ వచ్చేసరికి
గుమ్మంలో పట్టా మీద చిన్న మడుగు.

"లాక్లన్‌కి ఎనిమిదేళ్ళు. ఏప్రిల్‌లో పెళ్ళి.
ఉంగరాల దిండు వీడే పట్టుకోవాలి."
ఎవరి పెళ్ళో చెప్పలేదు.
ఉంగరం వేలి ఖాళీని
బొటనవేలితో తిప్పుకుంటోంది ఆవిడ.

నలభై ఏళ్ళుగా కిల్టులు అద్దెకిస్తున్నాను.
పెద్దవాళ్ళు అద్దంలో తమని చూసుకుంటారు.
పిల్లలు అద్దంలో నన్ను చూస్తారు,
గుండుసూది ఎక్కడ గుచ్చుతానో అని.

వీడు కుచ్చిళ్ళు ముందుకొచ్చేలా చుట్టుకుని
తెరచాటు నుంచి బయటికొచ్చాడు.
తిప్పి కట్టాను.
"ఇప్పుడు మోకాళ్ళ మీద కూర్చో."
"ప్రార్థన చెయ్యాలా?"
"అక్కర్లేదు. ఊపిరి వదులు, చాలు."
అంచు నేలకి అంగుళం పైన ఆగాలి,
అదీ కొలత. మిగతాదంతా బేరం.

పెళ్ళికొడుకు వైపు వాళ్ళందరికీ పచ్చగళ్ళు.
వీడికీ అవే అంది తల్లి.
"మా నాన్నవి ఎర్రవి."
నేలతో చెప్పాడు ఆ మాట.
సంచీలో ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

ఆ నాన్న పోయాడో,
గ్లాస్గోలో ఇంకో ఇల్లు చూసుకున్నాడో
నేనడగను.
నడుము, తుంటి, మోకాలు.
నా టేపు అంతవరకే పోతుంది.

నిచ్చెనెక్కి పై అరలోంచి
కలరా ఉండల మధ్య పడుకున్న ఒకదాన్ని దింపాను.
బూడిద రంగు మీద బూడిద రంగు గళ్ళు,
ఏ వంశం పేరూ లేనివి.
మావారు నేయించారు, ఎవరూ అడగలేదు.

"ఇది ఎవరిది?"
"ఎవరిదీ కాదు."
"మరి నేనెలా వేసుకోను?"
"శుక్రవారం నుంచి సోమవారం దాకా నీది.
సాస్ పడితే ఆరు పౌన్లు. అవి కూడా నీవే."

మేజోడులో దోపుకునే చాకు ప్లాస్టిక్కుదని తెలిసి
మొహం ముడుచుకున్నాడు.
జేబుల్లేవని తెలిసి ఇంకా ముడుచుకున్నాడు.
నడుముకి స్పోరన్ వేలాడదీసి
"నీ జేబు ఇదే, ఇందులో ఏం పెట్టావో
పెళ్ళికూతురు కూడా అడగకూడదు" అన్నాను.
అప్పుడు నవ్వాడు.
పైన పన్ను ఒకటి ఊగుతోంది.

పెళ్ళయిన సోమవారం
పొరుగావిడెవరో సంచీ పడేసి పోయింది.
అంచున చక్కెర మరక. సాస్ కాదు గనక
ఆరు పౌన్లు రాయలేదు.
స్పోరన్‌లు దులపడం నాకిష్టమైన పని.
రంగుకాగితాలు, కేకు పొడి,
ఒకసారైతే బతికున్న పీత.
ఈసారి కాగితపు రుమాల్లో మడిచిన పన్ను.

ఫోను చేశాను, ఎత్తలేదు.
కొత్త కాపురం, ఎక్కడికో వెళ్ళి ఉంటారు.
పోస్టులో పన్ను పంపడం ఎలాగో నాకు తెలీదు.
బొత్తాల డబ్బాలో పడేశాను,
కొమ్ము బొత్తాలకీ దానికీ పెద్ద తేడా లేదు.

అక్టోబరులో మళ్ళీ అదే వాన.
తలుపు సందులోంచి తల ఒక్కటే లోపలికొచ్చింది.
"నా పన్ను ఉందా?"
"సోమవారం దాకేగా నీది?"
"కిల్టు సోమవారం దాకా. పన్ను నాదే."
న్యాయమే. డబ్బా బల్ల మీద బోర్లించాను.
ఇద్దరం వెతికాం.

కిటికీ అవతల ఒకాయన
గాలికి తిరగబడిన గొడుగుతో కుస్తీ పడుతున్నాడు.
"కాలమ్. లోపలికి రమ్మంటే రాడు,
బూట్లకి బురదట."
ఆ పేరు వాడి నోట్లో
కొత్త బూటులా ఉంది, ఇంకా కాస్త కరుస్తోంది.

పన్ను దొరికింది. పిడికిలి మూసుకుని వెళ్ళబోతుంటే
కొలతల పుస్తకం తీశాను.
"నేనేం కొనట్లేదుగా?"
"కొనకపోతే ఏం, పెరగట్లేదా?"

అంగుళంన్నర.
పెన్సిలు వెతుక్కుంటూ తలెత్తేసరికి
తడి జీన్సుతో, చెప్పకుండానే
మోకాళ్ళ మీద కూర్చుని
ఊపిరి వదిలాడు.