రిమార్కులు

పదవీ విరమణకి ఇంకా ఇరవై రెండు నెలలు.
జగదాంబ దగ్గర బ్యాంకులో
నా టోకెను డెబ్భై ఒకటి.
ఏసీ గాలికి ఒళ్ళో ఫారం అంచు
లేస్తోంది, పడుతోంది,
ఒడ్డున పడ్డ చేప మొప్పలా.

ముప్పై ఏళ్ళు ఊపిరితిత్తుల ఫోటోలు తీశాను.
గాలి పీల్చండి. బిగపట్టండి. వదలండి.
జ్ఞానాపురం వాళ్ళవి,
కాన్వెంటు జంక్షన్ బడ్డీకొట్టు ముసలాయనవి,
పోర్టు గోడ పక్కన పుట్టి ఇంకా బడి మొహం చూడని పిల్లలవి.
ఎక్స్‌రేలో ఆరోగ్యం నల్లగా ఉంటుంది,
జబ్బే తెల్లన.
బయట మా గోడల మీద అంతా తిరగబడి కనిపిస్తుంది.

పనిమనిషిని పెట్టుకుంటే ఊరూ పేరూ అడుగుతాం.
నెలనెలా నా జీతంలో పదోవంతు
ఎవరింటికి పనికి పోతోందో
ఇన్నాళ్ళూ అడగలేదు.
మొన్న అకౌంట్స్ ఎల్లాజీ జాబితా తీసిచ్చాడు,
చీమతలకాయ అక్షరాలు, పదకొండు పేజీలు.
ఏడో పేజీలో వేలు ఆగిపోయింది.
మా వీధి చివర, పట్టా కప్పని వ్యాగన్ల మీద
రోజూ చదివే పేరే.

అంటే
తెల్లారి కిటికీ గట్టు మీద తుడిచేది,
ఆరేసిన దుప్పటి దులిపితే రాలేది,
మూత మర్చిపోయిన రోజు దోసెల పిండి మీద తేలేది
నా డబ్బే.
వడ్డీ ముందుగానే ఇంటికొస్తోంది.
నేనే తడిగుడ్డతో ఎత్తి పారబోస్తున్నాను.

"బొగ్గు లేనిది కావాలి," అన్నాను కౌంటరులో.
"ఏటి మేడమ్?" అన్నాడు దిలీపు,
బొబ్బిలి ఇంకా నాలుక దిగలేదు.
అన్నాడే గానీ, నిజంగానే వెతికాడు పాపం,
పక్కన టీ మీద మీగడ కట్టేదాకా.
షేర్లకో గడి. బాండ్లకో గడి. సర్కారుకో గడి.
పొగకి గడి లేదు.
"గ్రీన్ ఫండని ఒకటుంది. పింఛన్లోకి రాదు, విడిగా కట్టుకోవాల."
తెర నా వైపు తిప్పాడు.
గాలిమర, పచ్చగడ్డి, నవ్వుతున్న పాప.
కిందికి జరిపితే అయిదో పేరు
ఏడో పేజీ పేరుకి సొంత అన్నగారు.
ఇద్దరం నవ్వాం.
నాకు దగ్గొచ్చింది.

"షేర్లు తగ్గిత్తే రాబడీ తగ్గుద్ది మేడమ్, ఇరవయ్యేళ్ళకి లెక్కేసుకోండి."
వేసుకున్నాను.
నెలకో గ్యాసుబండ, సగం బీపీ మాత్రలు.
తక్కువేం కాదు.

ఛాతీ ఫోటోకి వచ్చిన మరిడమ్మ గుర్తొచ్చింది,
పెదజాలరిపేట.
వేసవిలో వేట ఆపేసే రోజుల గురించి అంది:
"రెండు నెల్లూ పస్తేనమ్మా. అయితేటి,
గుడ్ల మీదున్న చేపని లాగేత్తే
వచ్చే ఏడు వల్లో నీల్లే కదా."
బిగపట్టమంటే బిగపట్టలేకపోయింది ఆ రోజు,
మూడుసార్లు తీయాల్సొచ్చింది.

షేర్ల గడిలో అంకె సగానికి కొట్టేసి
సర్కారు గడిలో కలిపాను.
సర్కారూ బొగ్గు తవ్వుతుంది. తెలుసు.
ఇక మిగిలింది అడుగున ఒక గీత:
రిమార్కులు, ఏవైనా ఉంటే.
రాశాను,
నా డబ్బు ఎక్కడ పనిచేస్తోందో ఏటా తెలుగులో చెప్పగలరు.

"ఇది కంప్యూటర్లో ఎక్కదు మేడమ్."
"కాగితం మీదే ఉండనీ బాబూ."
కాసేపు చూసి ముద్ర వేశాడు,
నా వంతు కాపీ చింపి ఇచ్చాడు.
వేలికి నలుపు అంటింది.
ఈసారి కార్బను కాగితంది.