సున్నం లేని గోడ

ఊట్కూర్ హైస్కూల్ ప్రహరీ కూలిన వారం
తొమ్మిదో తరగతికి ఆఫ్రికా చెప్తున్నాను.
పాఠం ఓడతో మొదలవుతుంది.
"ఓడ రాకముందు ఏముండె సార్?"
వెనక బెంచీ నుంచి దండుగుల అనసూజ.
పుస్తకంలో దానికి ఒకటిన్నర వాక్యం:
అడవులు, తెగలు, అంతా చీకటి.

ఆ రాత్రి లైబ్రరీ నుంచి తెచ్చిన
అట్ట ఊడిన పుస్తకం తిరగేశాను.
జింబాబ్వేలో ఒక రాతిగోడ, నలుపు తెలుపు ఫోటో.
కింద సన్నటి అక్షరాల్లో:
ఇది అక్కడివాళ్లు కట్టింది కానే కాదని
దొరలు చాలా ఏళ్లు వాదించారట.
ఏ సముద్రం అవతలి రాజో కట్టించి ఉంటాడట.

పొద్దున ప్రహరీ దగ్గర
అనసూజ తండ్రి అంజిలయ్య సుత్తె కింద పెట్టి
చేతులు లుంగీకి తుడుచుకొని
ఫోటోను ఎండకు పట్టాడు.
అక్షరాలు చదవలేదు, వరసలు చదివాడు.
"సున్నం లేదు సారూ, మట్టి గూడ లేదు.
రాయి మీద రాయి, బరువే పట్టు.
పైకి పోయినకొద్ది లోపలికి ఒరిగింది సూడు,
తాత కట్టంగ సూసినోడు కట్టిండు.
అంచుకు ఈ జడ అల్లిన వరస ఎందుకు?
గోడ నిలబడనీకి అక్కర్లే. మురిపానికి.
కడుపు నిండినోళ్ల ఊరిది."

ఎవరు కట్టారో తెలీదన్నారట, అన్నాను.
మీసాల నిండా రాతిపొడి, నవ్వాడు.
"జూరాల కట్టకు మా నాయిన ఆరేండ్లు రాయి మోసిండు.
పలక మీద ఎవల పేరుందో పోయి సూసిరా."

మధ్యాహ్నం సద్ది విప్పాడు.
జొన్నరొట్టె, బొబ్బర్ల కూర, ఇంత చింతతొక్కు.
జొన్న అక్కడిదేనని చెప్పాను.
బొబ్బర కూడా. చింత కూడా అంటారు.
వేల ఏండ్ల కింద, తుపాకుల ఓడ ఇంకా పుట్టకముందు,
ఎవరో ఒడిలో కట్టుకొచ్చిన గింజ
చేతులు మారి మారి మన రేగడిలో దిగిందని.
రొట్టె తుంచబోయినవాడు ఆగి
అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు,
ఇందాక ఫోటోను చూసినట్టే.
"ఇన్నేండ్లు తింటిమి, వాళ్లెవలో ఎరుక లేకపాయె."
సగం తుంచి నాకిచ్చాడు.

గంట కొట్టారు.
బోర్డు మీద తారీకు రాశాను, పాఠం పేరు రాశాను,
ఓడ అని రాసి తుడిచేశాను.
జొన్న, అని రాశాను.
అనసూజ కిసుక్కున నవ్వింది.

బయట రాయి మీద రాయి పడుతున్న చప్పుడు.
అంజిలయ్య గోడకు మాత్రం
సిమెంటే వాడాలని కాంట్రాక్టరు ఆర్డరు.