వజూ నీళ్ళు

శ్రీకాకుళంలో మా సందు వెడల్పు మూడు సైకిళ్ళు.
నా కుట్టుమిషనుకి ఎదురుగా మసీదు గోడ,
గోడ అడుగున ఒక తూము.
ముప్ఫై రెండేళ్ళుగా
రోజుకి ఐదుసార్లు
వజూ నీళ్ళు ఆ తూములోంచి కాలవలో పడడం
మిషను చప్పుడు కింద వింటూనే ఉన్నాను.
వినడం వేరు, లెక్క కట్టడం వేరు.

లెక్క కట్టినవాడు జిలానీ తాత.
రిక్షా తొక్కి మోకాళ్ళు అరగ్గొట్టుకుని
ఇప్పుడు బాంగు ఇస్తున్నవాడు.
ఒక శుక్రవారం తూము కింద బిందె పెట్టి
నా కొట్టు మెట్టు మీద కూచున్నాడు.
నిండిన బిందె ఒంపడం, నా గుడ్డసుద్దతో గోడ మీద గీత.
మళ్ళీ బిందె. మళ్ళీ గీత.
లోపల జనం వరస కట్టేసరికి
నలభై ఒక్క గీతలు.

"ఏటిగట్టున కూకున్నా సరే
సుక్క దుబారా సెయ్యొద్దన్నారు మా పెద్దలు.
ఇదేటి బాబూ,
నలభై ఒక్క బిందెలు దోమలకి దానం సేత్తన్నాం!"

అప్పటికి సందు చివర బోరింగు
దగ్గుతోంది.
వంద కొట్లు కొడితే ఒక చెంబు, అదీ తుప్పు రంగు.
నాగావళి అరమైలు దూరంలోనే ఉంది,
ఇసక ఆరబెట్టుకుంటూ.

బోరింగు పక్కన ఇంకుడుగుంత తవ్వుదామన్నాడు తాత.
కమిటీ మూడు వారాలు నానబెట్టింది:
గొట్టం డబ్బులెవరివి, బండలెవరు పగలగొడతారు,
సందులోవాళ్ళు ఒప్పుకుంటారా అని.
సందులోవాళ్ళు ఒప్పుకోలేదు.
"ఆళ్ళ కాళ్ళు కడిగిన నీళ్ళు మన బోరింగులోకా?"
ఆ మాట మొదట అన్నది నేను.
అన్నాను కాబట్టి రాస్తున్నాను.

ఎండుచేపల అసిరితల్లి గంప దించి నవ్వింది.
"ఓలి నాయనా, ఏట్లో నీళ్ళు తాగీవోడివి!
రాయగడ కాడ్నించి ఎన్ని గేదెలు దిగినాయి,
ఎన్ని గోచీలు ఉతికినారు, ఎంత బూడిద కలిపినారు?
ఇసక కడిగిచ్చింది, నువ్వు తాగినావు.
ఈ గోతిలో ఇసకకి ఆ పని రాదేటి?"

సూదిలోకి దారం ఎక్కిస్తున్నట్టు తల వంచాను.
దారం ఎక్కలేదు.

తవ్విననాడు నేనూ వెళ్ళాను, ఊరికే చూడ్డానికి.
మొదటి మూడడుగులూ మేమే:
పాలపాకెట్లు, గుట్కా రేకులు, పగిలిన గ్యాసుపొయ్యి,
నేను విసిరేసిన గుడ్డపేలికలు.
రంగు పోలేదు. నా కత్తెర కోతలే, గుర్తుపట్టాను.
నాలుగో అడుగున ఎర్రమట్టి.
తాత గుప్పెడు తీసి వాసన చూసి
నా చేతిలో పెట్టాడు.
తరవాత పార నా చేతికి ఎలా వచ్చిందో తెలీదు.

కంకర, ఊకబొగ్గు, ఏటి ఇసక.
వడకట్టే దోమతెర రెండు పొరలు నేనే కుట్టాను.
కూలి అడగలేదు. తాత ఇచ్చాడు.
తీసుకున్నాను.

మొదటి వేసవికి ఏమీ కాలేదు.
నవ్వేవాళ్ళు నవ్వారు.
రెండో ఏడు ఏప్రిల్లో
ముప్ఫై కొట్లకే బోరింగు అందుకుంది.
మే పదో తారీకున మళ్ళీ దగ్గింది,
ట్యాంకరొచ్చింది, కొట్లాటయింది,
అసిరితల్లి ప్లాస్టిక్ బిందె పగిలింది.
అంతే. నలభై రోజులు గెలిచాం.

ఈమధ్య తాత కుళాయిల పక్కన చెంబులు కట్టాడు,
మనిషికి ఒకటే చెంబు.
గీతలు పంతొమ్మిదికి దిగాయి.
మరి గుంతలోకి ఏం పోతాయి తాతా అన్నాను.
"తోడనిది ఎక్కడికి పోద్ది బాబూ? కిందే ఉంటాది."

రంజానుకి గోడకి సున్నం వేశారు.
సుద్దగీతలున్న జానెడు మేర వదిలేశారు.
ఎవరు చెప్పారో, ఎవరూ చెప్పలేదో.

తూము ఇప్పుడు మూసేసి ఉంది.
భూమిలోకి దిగే నీళ్ళు చప్పుడు చెయ్యవు.
అప్పుడప్పుడూ మిషను ఆపి
చెవి పెడతాను.
ఏమీ వినపడదు.